పాత బ్రిటిష్ కార్ల వింత పేర్లు: ఖరగ్‌పూర్ రైలు పెట్టెల్లో వాటి చుట్టాలు

ఖరగ్‌పూర్ (పశ్చిమ బెంగాల్): అప్రెంటిస్ శిక్షణకు దరఖాస్తులు కోరుతూ ఆగ్నేయ రైల్వే వెలువరించే ప్రకటనల్లో ఫిట్టర్, వెల్డర్, పెయింటర్, కార్పెంటర్ వంటి పరిచిత వృత్తుల నడుమ ‘ట్రిమ్మర్’ అనే పేరు ఒకటి కనిపిస్తుంది. ఆ పని ఏమిటో దరఖాస్తుదారులలో చాలామందికి వెంటనే స్ఫురించకపోవచ్చు. ట్రిమ్మర్ అంటే ఇక్కడ జుట్టు కత్తిరించే యంత్రం కాదు, తోటలో కొమ్మలు కత్తిరించే మనిషీ కాదు. రైలు పెట్టెలోని సీట్లకు మెత్తలు అమర్చి, వాటిపై రెగ్జిన్ తొడిగి, అంచులు కుట్టి, కుట్లూ మేకులూ కనబడకుండా పట్టీ వేసి ముగించే పనివాడు ట్రిమ్మర్.

ఈ పేరు రైల్వే పుట్టించినది కాదు. ఇంగ్లండ్‌లో గుర్రపు బగ్గీలు తయారైన కాలం నుంచే అది వాడుకలో ఉంది. 1929 నుంచి 1980 వరకు ఎంజీ స్పోర్ట్స్ కార్లు తయారైన ఆబింగ్‌డన్ కర్మాగారంలోనూ సీట్లు, తలుపుల లోపలి తొడుగులు, మడత పైకప్పులు బిగించే పనికి ఇదే మాట. ఆ కార్లు నేడు సంగ్రాహకుల ఆస్తి. వాటిని కొని బాగుచేయించుకునే వారికి ఇంజిన్ అంతగా చిక్కు తెచ్చిపెట్టదు. ఇంజిన్ భాగాల పేర్లు లోకమంతటా దాదాపు ఒక్కటే. చిక్కంతా ట్రిమ్ దగ్గర వస్తుంది. టానో కవర్, హుడ్ స్టిక్, స్కటిల్, క్వార్టర్ లైట్, క్యాంట్ రెయిల్, నేవ్ ప్లేట్, హైడెమ్ బ్యాండింగ్ అన్న పేర్లు చూసి ఇంగ్లీషు మాతృభాషగా గలవారు సైతం తడబడతారు.

ఈ పేర్లు ఎవరో సరదాకు పెట్టినవి కావు. అవి బండి కట్టే వృత్తి వాడిన పలుకులు. ఆ వృత్తి రెండు శాఖలుగా చీలి ఒకటి మోటారు కారుకు, మరొకటి రైలు పెట్టెకు వెళ్లింది. రెండో శాఖతో మనవారికి శతాబ్దానికి మించిన పరిచయం ఉంది. ఆ పరిచయానికి పెద్ద కేంద్రం ఖరగ్‌పూర్.

పట్టాల వెంట వెళ్లిన తెలుగు

బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. తూర్పు తీరపు రైలుమార్గంలో ఉత్తర భాగం 1902లో దాని చేతికి వచ్చింది. దానితో ఉత్తరాంధ్ర పల్లెలకూ బెంగాల్‌లోని ఈ కూడలికీ నడుమ ఒకే కంపెనీ బండ్లు తిరగసాగాయి. 20వ శతాబ్ది తొలినాళ్లలో ఇక్కడ రైల్వే వర్క్‌షాపు నెలకొంది. ఇంజిన్లు, ప్రయాణికుల పెట్టెలు, సరుకు వ్యాగన్లు మూడింటినీ విప్పి బాగుచేసే ఇంత పెద్ద శాలలు దేశంలో ఎక్కువ లేవు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వచ్చిన కుటుంబాలు తరతరాలుగా ఇక్కడే స్థిరపడ్డాయి. తరువాతి కాలంలో రాష్ట్రపతి అయిన వి.వి. గిరి 1928లో ఈ రైల్వే కార్మికుల సమ్మెకు నాయకత్వం వహించారు. తెలుగుకు అధికార భాష హోదా కల్పించేందుకు పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో ఆమోదం తెలపడానికి కారణం కూడా ప్రధానంగా ఈ పట్టణంలోని తెలుగు జనసంఖ్యే.

ఈ చరిత్ర చాలామందికి తెలిసినదే. అంతగా చర్చకు రానిది మరొకటి ఉంది. వర్క్‌షాపులో పని ఉత్తర్వులూ భాగాల పేర్లూ ఇంగ్లీషులో ఉండేవి. పనిచేసే చేతులు తెలుగువి, బెంగాలీవి, ఒడియావి, హిందీవి. కాబట్టి లండన్‌లో బగ్గీలు కట్టిన వడ్రంగి వాడిన పేరు, ఇచ్ఛాపురం దగ్గరి పల్లె నుంచి వచ్చిన వడ్రంగి చెవిన కూడా పడింది.

కోచ్ అనే ఊరి నుంచి

‘కోచ్’ అన్న మాటతోనే ప్రారంభించవచ్చు. రైలు టిక్కెట్టు మీద రోజూ చూసే ఈ మాటకు మూలం హంగరీలోని కోచ్ అనే చిన్న గ్రామం. అక్కడ తయారైన గుర్రపు బండ్లు ఐరోపా అంతటా పేరు పొందడంతో ఊరి పేరే బండి పేరైంది. 1830లో లివర్‌పూల్-మాంచెస్టర్ రైలుమార్గం ప్రారంభమైనప్పుడు మొదటి తరగతి పెట్టెలు చూడడానికి మూడు గుర్రపు కోచ్‌లను ఒకే చట్రంపై వరుసగా బిగించినట్టు ఉండేవి. కట్టినవారూ ఆ బండ్ల పనివారే. గార్డు, డ్రైవరు అన్న ఉద్యోగాల పేర్లు సైతం గుర్రపు బండి నుంచే రైలెక్కాయి.

బండి కట్టేవారు దాని దేహాన్ని మనిషి దేహంలాగే చూశారు. కిటికీకి దిగువన అడ్డంగా పోయే పట్టీ నడుము వంటిది గనుక అది ‘వెయిస్ట్ రెయిల్’. పక్కగోడ పైకప్పును కలిసే చోట, బండి పొడవునా సాగే దూలం ‘క్యాంట్ రెయిల్’. ఈ పేరు రైల్వే వారికి ఒక చిన్న తిరకాసు పెడుతుంది. రైల్వేలో పట్టాలు వేసేవారి భాషలో క్యాంట్ అంటే మలుపులో బయటి పట్టాను లోపలి దానికన్నా ఎత్తుగా ఉంచడం. రెయిల్ అంటే పట్టా అని వేరే చెప్పనక్కర లేదు. క్యాంట్ రెయిల్‌కు మాత్రం ఆ మలుపుతోనూ ఆ పట్టాతోనూ ఏ సంబంధమూ లేదు. అది వడ్రంగి మాట. అడ్డంగా పోయే కొయ్య ఏదైనా అతనికి రెయిలే.

కిటికీని ఈ వృత్తిలో ‘లైట్’ అన్నారు. దీపం అని అర్థం కాదు, వెలుగు వచ్చే చోటు అని. తలుపులో కిందికి జారే అద్దం ‘డ్రాప్ లైట్’, తలుపు పక్కన ఉండే చిన్న అద్దం ‘క్వార్టర్ లైట్’. కిటికీని వెలుగుతో పోల్చడం వింతగా తోచవచ్చు గాని, ఇంగ్లీషులోని ‘విండో’కు మూలార్థం గాలి కన్ను. మన గవాక్షానికి ఎద్దు కన్ను అని అర్థం. వాటి పక్కన పెడితే లైట్ అన్నది చాలా సాదా పేరు.

1962లో వచ్చిన ఎంజీబీ కారు ముందు తలుపులలో త్రికోణాకారపు చిన్న అద్దం ఉంటుంది. గాలి కోసం దాన్ని వేరుగా తిప్పి తెరవవచ్చు. భాగాల జాబితాలో దాని పేరు క్వార్టర్ లైట్. కారులో అది దేనికీ నాలుగో వంతు కాదు. గుర్రపు బండిలో తలుపుకు ముందూ వెనుకా ఉన్న పక్కభాగాలను క్వార్టర్లు అనేవారు. ఆ భాగంలో అమర్చిన అద్దానికి వచ్చిన పేరు, బండి పోయిన తరువాత కూడా అద్దాన్ని వదలలేదు.

రైలు పెట్టెలోనూ ఇదే జరిగింది. పెరంబూరులోని ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ 1955 అక్టోబరు 2న ప్రారంభమైంది. అక్కడ తయారైన ఉక్కు పెట్టెల నమూనా స్విట్జర్లాండ్‌ది. అయినా దాని అంగాలు సోల్ బార్, వెయిస్ట్ రెయిల్, లైట్ రెయిల్, క్యాంట్ రెయిల్, టర్న్ అండర్ అన్న పేర్లతోనే వర్క్‌షాపులకు చేరాయి. టర్న్ అండర్ అంటే పక్కగోడ కింది అంచు లోపలికి వంగే భాగం. బగ్గీలో ఆ వంపు అందం కోసం, చక్రాలకు చోటు కోసం. ఉక్కు పెట్టెలో ఆ మూలన నీరు చేరి తుప్పు పడుతుంది. మరమ్మతుకు వచ్చిన పాత పెట్టెలో పనివారు ముందుగా పరీక్షించే చోట్లలో అదొకటి. కాబట్టి ఆ పేరు తెలియడం భాషాభిమానానికి చెందిన సంగతి మాత్రమే కాదు. సోల్ బార్ మార్చవలసిన చోట టర్న్ అండర్ అని రాస్తే రావలసిన ఉక్కు రేకు రాదు, పెట్టె పట్టాలెక్కడం ఆలస్యమవుతుంది.

పీపా, కర్ర, నాభి

ఇక స్పోర్ట్స్ కారు దగ్గరకు వద్దాం. ఇద్దరు కూర్చునే, పైకప్పు లేని చిన్న బండి అది. వాన వస్తే గుడ్డ కప్పు లాగి బిగించుకోవాలి. ఆ కప్పును బ్రిటిష్ వారు హుడ్ అంటారు. దానిని నిలబెట్టే వంపు కమ్మీలు హుడ్ స్టిక్‌లు. యాభైల నాటికే అవి ఉక్కు గొట్టాలు. పేరు మాత్రం కర్ర. గుర్రపు బండ్లకు నిజంగానే కొయ్యను ఆవిరిలో వంచి బిగించేవారు. పాతకాలపు కొయ్య రైలు పెట్టెల పైకప్పు కింద ఉండే వంపు బద్దలకూ బ్రిటన్‌లో హూప్ స్టిక్‌లనే పేరు. మన గూడుబండికి వెదురు బద్దలు వంచి చాప కప్పే పద్ధతిని ఎరిగినవారికి ఈ నిర్మాణాన్ని వివరించవలసిన పని లేదు.

టానో కవర్ కథ మరికొంత చిత్రమైనది. ఫ్రెంచి భాషలో టానో అంటే పీపా. 20వ శతాబ్ది ఆరంభంలో కొన్ని కార్ల వెనుక సీట్ల భాగం గుండ్రంగా పీపాను కోసినట్టు ఉండేది, ఎక్కడానికి తలుపు వెనుక వైపు. ఆ ఆకారం కొద్ది ఏళ్లకే కనుమరుగైంది. అయితే కూర్చునే భాగాన్ని దుమ్మూ వానా పడకుండా కప్పే గుడ్డకు మాత్రం ఆ పేరు మిగిలింది. ఎంజీ, ట్రయంఫ్, ఆస్టిన్-హీలీ కార్లలో ఈ గుడ్డకు నడుమ ఒక జిప్పు ఉంటుంది. ఒక్కరే నడుపుతున్నప్పుడు పక్క సీటును మూసి, తన వైపు మాత్రం తెరచుకోవచ్చు. చలిలో కాళ్లకు వెచ్చదనం కూడా. పీపా ఆకారం ఆ కార్లలో ఎక్కడా లేదు.

బోనెట్‌కూ ముందు అద్దానికీ నడుమ ఉండే భాగం స్కటిల్. పైకప్పు లేని కారు గతుకుల రోడ్డుపై పోతే చట్రం మెలితిరిగి ఈ భాగం వణుకుతుంది, అద్దమూ స్టీరింగూ దానితో పాటు అదురుతాయి. దానిని స్కటిల్ షేక్ అంటారు. పాత స్పోర్ట్స్ కారు కొనేవారు తప్పక అడగవలసిన ప్రశ్నలలో ఇదొకటి. మూసిన పైకప్పు గల కారులో ఈ సమస్య అంతగా ఉండదు, క్యాంట్ రెయిల్ దాన్ని బిగించి ఉంచుతుంది గనుక.

చక్రం నడుమ తళతళలాడే మూత నేవ్ ప్లేట్. నేవ్ అంటే బండి చక్రం మధ్య భాగం, ఇరుసు దూరే చోటు. సంస్కృతంలో దాని పేరు నాభి. ఈ రెండు మాటలూ ఒకే మూలం నుంచి పుట్టిన తోబుట్టువులని భాషాశాస్త్రం చెబుతుంది. బొడ్డుకూ చక్రపు కేంద్రానికీ ఒకే పేరు పెట్టాలన్న ఊహ అంత పాతది. నేటి కార్ల యజమానులలో హబ్ క్యాప్ అనేవారే ఎక్కువ, నేవ్ ప్లేట్ అన్న మాట పాత భాగాల జాబితాలకే పరిమితమైంది.

డ్యాష్‌బోర్డు కూడా ఈ కుటుంబానిదే. గుర్రం గిట్టలు ఎగజిమ్మే బురద బండి నడిపేవాడిపై పడకుండా ముందు అడ్డంగా కట్టిన పలక అది. గుర్రం పోయింది, బురద పోయింది, పలక లోపలికి జరిగి గడియారాలకూ మీటలకూ ఆధారమైంది. ఇన్ని పేర్లలో తెలుగువారి నోట సంపూర్ణంగా స్థిరపడినది బహుశా ఇదే.

మేకులు దాచే పట్టీ

అన్ని పేర్లూ బగ్గీ నుంచి రాలేదు. కొన్ని వ్యాపార నామాలు, కొన్ని నేరుగా ఆజ్ఞలు. గుడ్డను కొయ్యకు మేకులతో కొట్టినప్పుడు ఆ మేకుల తలలను కప్పే మడత పట్టీకి పేరు హైడెమ్. ‘వాటిని దాచు’ అన్న ఇంగ్లీషు మాటను పలికినట్టే రాసిన పేరది. టానో కవరును పట్టి ఉంచే ఒక రకం గుండీ పేరు లిఫ్ట్ ది డాట్. గుండీపై ఒక వైపు చిన్న చుక్క ఉంటుంది. ఆ వైపు నుంచి ఎత్తితేనే ఊడుతుంది, మిగిలిన మూడు వైపులా లాగితే గుడ్డ చిరుగుతుంది గాని గుండీ కదలదు. వాడే విధానాన్నే పేరుగా పెట్టడం గొప్ప వ్యాపార చాతుర్యమని ఒప్పుకోవాలి. తలుపు చుట్టూ గాలి చొరబడకుండా బిగించే మెత్తటి బొచ్చు పట్టీ ఫర్‌ఫ్లెక్స్. బంపరుపై నిలువుగా నిలిచే కొమ్ముల వంటివి ఓవర్ రైడర్లు. రెండు కార్ల బంపర్లు ఒకదాని కింద మరొకటి చిక్కుకోకుండా అవి కాపాడతాయి.

వ్యాపార నామాలలో మనకు బాగా చుట్టమైనది రెగ్జిన్. ఇంగ్లండ్‌లో మాంచెస్టర్‌కు సమీపంలోని హైడ్ పట్టణంలో అదే పేరు గల కంపెనీ దీనిని తయారుచేసింది. గుడ్డపై నైట్రోసెల్యులోజ్, కర్పూర తైలం, రంగు కలిపిన పూత పూసి, తోలు గీతలు అచ్చు వేస్తే వచ్చేది రెగ్జిన్. బ్రిటన్‌లో మోటారు కార్లూ రైలు పెట్టెలూ రెండింటి లోపలి పనికి అది వాడుకైంది. మన దేశంలో ఆటో సీటు, సినిమా హాలు కుర్చీ, బడి సంచి, రైలు బెర్తు అన్నింటికీ అదే పేరు. నేడు వాడే సరుకు నైట్రోసెల్యులోజ్‌ది కాదు, వేరే రసాయనం. పేరు మాత్రం చెక్కుచెదరలేదు. బట్టల దర్జీలు జాకెట్టు అంచుకు వేసే ‘పైపింగ్’ కూడా కారు సీటు అంచున ఉన్నదే. ట్రిమ్మరు చేతిలోనూ దర్జీ చేతిలోనూ ఆ పని దాదాపు ఒకటే.

పాత ఎంజీ కార్లలో మరో సంగతి ఖరగ్‌పూర్ వంటి చోట పనిచేసిన వడ్రంగికి బోధపడినంత సులువుగా నేటి మెకానిక్కుకు బోధపడదు. 1955లో ఆగిపోయిన టీఎఫ్ నమూనా వరకు ఎంజీ స్పోర్ట్స్ కార్ల దేహం కొయ్య చట్రంపై కొట్టిన ఉక్కు రేకే. మోర్గన్ కంపెనీ ఇప్పటికీ యాష్ కొయ్య చట్రం వాడుతుంది. మనకు టేకు ఎలాగో ఇంగ్లండ్ బండివారికి యాష్ అలాగ. ఆ కార్లను బాగుచేయడం సగం వడ్రంగం. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టిన చేతులు, సికింద్రాబాద్ లాలాగూడ వర్క్‌షాపులో కొయ్య పెట్టెలను బాగుచేసిన చేతులు ఎరిగిన పని అది.

మాట ఒకటే, వస్తువు వేరు

1955-62 మధ్య తయారైన లక్షకు పైగా ఎంజీఏ కార్లలో అత్యధిక భాగం బ్రిటన్ దాటి, ముఖ్యంగా అమెరికాకు వెళ్లాయి. పేర్ల చిక్కు అక్కడే ముదిరింది. బ్రిటిష్ వారి హుడ్ గుడ్డ పైకప్పు. అమెరికన్ల హుడ్ ఇంజిన్‌ను మూసే ఇనుప మూత, అంటే మన బోనెట్. బ్రిటన్‌లో వింగ్ అయినది అమెరికాలో ఫెండర్, మన దేశంలో మడ్‌గార్డు. ఈ మాట వినగానే తెలుగువారికి రెక్క గుర్తుకు రావచ్చు, కాని మన భాషలో రెక్క ఉన్నది తలుపుకూ కిటికీకీ. చక్రానికి లేదు. అమెరికాలో ఉన్నవారు బ్రిటన్ నుంచి హుడ్ తెప్పించుకుంటే వచ్చే పొట్లంలో ఏముంటుందో ఊహించవచ్చు.

మన దేశంలో ఈ జారుడు మరింత దూరం పోయింది. డిక్కీ అంటే మనకు సామాను పెట్టుకునే అర. అసలు డిక్కీ ఒక సీటు. ఇద్దరు కూర్చునే కార్ల వెనుక భాగంలో మూత ఎత్తితే బయటకు తెరచుకునే అదనపు ఆసనం అది. ఎవరూ కూర్చోనప్పుడు ఆ మూత కిందికే సామాను చేరి ఉంటుందని అనుకోవడంలో తప్పు లేదు. సీటు పోయి సామాను మిగిలింది. స్టెప్నీ సంగతి మరీ విచిత్రం. వేల్స్‌లోని లనెల్లి పట్టణంలో స్టెప్నీ వీధి ఉంది. 20వ శతాబ్ది తొలి ఏళ్లలో అక్కడి వర్క్‌షాపులో ఆకులు లేని అదనపు చక్రపు రింగు తయారై, పంక్చరైన చక్రానికే దాన్ని బిగించుకునే వీలు కలిగించింది. ఆ కంపెనీ పేరు బ్రిటన్‌లోనే మరుగున పడింది. మన జాతీయ రహదారి పక్కన ఏ పంక్చరు దుకాణంలో అడిగినా స్టెప్నీ అంటే తెలియనివారు ఉండరు.

రైల్వే పట్టణంలో నిలబడి ఈ సంగతి మాట్లాడుతూ బోగీని విడిచిపెట్టడం సాధ్యం కాదు. తెలుగు పత్రికలు, ప్రయాణికులు, సినిమాలు అందరికీ బోగీ అంటే రైలు పెట్టె. వర్క్‌షాపులో బోగీ అంటే పెట్టె కింద ఇరుసులూ చక్రాలూ స్ప్రింగులూ ఉన్న చట్రం మాత్రమే. ఒక పెట్టె కింద రెండు బోగీలు ఉంటాయి. మరమ్మతు శాలలో క్రేనుతో పెట్టెను పైకెత్తి బోగీలను విడదీయడం మొదటి పనులలో ఒకటి. ‘బోగీ పట్టాలు తప్పింది’ అన్న వార్తను ఈ పట్టణంలోని రైల్వే ఉద్యోగి చదివితే అతనికి తోచే అర్థం వేరు, పాఠకుడికి తోచే అర్థం వేరు. వార్తలు రాసేవారికీ ఇందులో కొంత బాధ్యత ఉంది. పెట్టె అని రాస్తే ఇద్దరికీ ఒకటే అర్థం.

వాడుకలో కుదురుకున్న మాటను తప్పని కొట్టివేయడం ఈ వ్యాస ఉద్దేశం కాదు. డిక్కీని సీటుగా మళ్లీ మార్చలేము. అయితే పని జరిగే చోట పేరు జారితే ఖర్చవుతుంది, అంతే.

ఉత్తర్‌పాడా బంధువు

బ్రిటిష్ స్పోర్ట్స్ కారు మనకు అంత దూరపుది కాదని చెప్పడానికి ఖరగ్‌పూర్ నుంచి హౌరా వైపు బయలుదేరి, హుగ్లీ తీరాన ఉత్తర్‌పాడా దాకా పోతే చాలు. హిందుస్తాన్ మోటార్స్ అంబాసడర్ కారును 2014 మే వరకు అక్కడే తయారుచేసింది. అది ఇంగ్లండ్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా. దానిలో దశాబ్దాల పాటు వాడిన 1,489 సీసీ పెట్రోలు ఇంజిన్, తొలి ఎంజీఏ స్పోర్ట్స్ కారులో ఉన్న ఇంజిన్ ఒకే కుటుంబానివి, ఒకే పరిమాణానివి. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ కూడా అలాంటిదే. ఇంగ్లండ్‌లో దాని తోబుట్టువు ట్రయంఫ్ హెరాల్డ్ చట్రాన్ని పొట్టిచేసి 1962లో స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారును నిర్మించారు. అంబాసడర్ బంపరుపై కొమ్ములు, రెగ్జిన్ సీట్లు, వాటి అంచున పైపింగ్ చూసిన తరం ఇంకా మన మధ్య ఉంది. ఆ కారును నడిపినవారికి ఎంజీ భాగాల జాబితాలో సగం పేర్లు, పేర్లుగా కాకపోయినా వస్తువులుగా, తెలిసినవే.

పోతున్న మాటలు

పెరంబూరులో పాత నమూనా పెట్టెల తయారీ 2018 జనవరితో ముగిసింది. వాటి స్థానంలో వస్తున్న ఎల్‌హెచ్‌బీ పెట్టెలు జర్మనీ నమూనావి, స్టెయిన్‌లెస్ స్టీలువి. లోపలి అలంకరణ చాలా వరకు అచ్చు పోసిన పలకలు. పలక పగిలితే బాగుచేయరు, సంఖ్య చెప్పి కొత్తది తెప్పిస్తారు. రైల్వేకు ఇది లాభమే. ప్రయాణికుడికి భద్రత కూడా పెరిగింది. కాని సంఖ్యతో పిలిచే భాగానికి పేరు అక్కరలేదు. పాత పెట్టెలు పూర్తిగా పక్కకు తప్పుకున్న నాడు వెయిస్ట్ రెయిల్, టర్న్ అండర్ అన్న పిలుపులు కూడా క్రమంగా తగ్గుతాయి.

స్పోర్ట్స్ కార్ల విషయంలో ఈ నష్టం జరగలేదు. పాత భాగాల జాబితాలను అచ్చు వేసి అమ్మేవారు, పేరు పేరుకూ బొమ్మ గీసి వివరించేవారు ఉన్నారు. వాటికి ధర ఉంది గనుక. రైలు పెట్టెను ఎవరూ ఇంటికి తెచ్చుకోరు. దాని పేర్లను పదిలపరచవలసింది భాషపై పనిచేసేవారే.

తెలుగులో అందుకు మంచి పూర్వరంగం ఉంది. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలతో 1962లో వచ్చింది. చేనేత పదాల సంపుటం 1971లో వెలువడింది. నాగలి కర్రకూ మగ్గపు గుంటకూ ఊరూరా ఏ పేరుందో తిరిగి అడిగి నమోదు చేసిన పని అది. ఇంగ్లీషు మాటలను తెలుగు నోరు ఎలా మలచిందో, ఏ భాగానికి సొంత పేరు పెట్టుకుందో అలాగే అడిగి రాయడానికి ఖరగ్‌పూర్ వర్క్‌షాపు వంటి క్షేత్రం మరొకటి దొరకడం కష్టం. మన మెకానిక్కులు స్పానర్‌ను పానా అన్నారు. లారీ కింది స్ప్రింగు పట్టీలను కమాన్ కట్టలన్నారు. కమాన్ అంటే ఫారసీలో విల్లు. ఆకారం చూసి పేరు పెట్టే తీరు హుడ్ స్టిక్ అన్న ఆంగ్లేయుడిదీ కమాన్ అన్న మన మేస్త్రీదీ ఒకటే. విశ్రాంతి పొందిన ట్రిమ్మర్లూ వడ్రంగులూ ఉండగానే ఈ సేకరణ జరగాలి. పదేళ్ల తరువాత అడగడానికి మనుషులు మిగలకపోవచ్చు.

అలా అడిగేవారికి కారు భాగాల జాబితాలోని మరో జంట పదాలు కూడా పనికొస్తాయి. బ్రిటన్‌లో కారుకు ఎడమ పక్క ‘నియర్ సైడ్’, కుడి పక్క ‘ఆఫ్ సైడ్’. గుర్రాన్ని ఎడమ వైపు నుంచి ఎక్కుతారు కాబట్టి మనిషికి దగ్గరగా ఉండేది ఆ పక్క. కారుకు గుర్రం లేకపోయినా ఎడమ మడ్‌గార్డు ఇప్పటికీ నియర్ సైడ్ వింగే. మన రైతు కాడికి కట్టిన జతలో కుడి ఎద్దును వలపటి ఎద్దనీ, ఎడమ ఎద్దును దాపటి ఎద్దనీ అంటాడు. దాపు అంటే దగ్గర.